మూడు లాంతర్ల దగ్గర కొన్న ఫ్యాన్లు

మా వదిన నారాయణమ్మకి కుడి చెవి పూర్తిగా వినపడదు, ఎడమ చెవి సగమే. ఎదుటివాళ్ళ పెదాలు చూసి మాట పట్టుకుంటుంది. ఆవిడ మా ఆయనకి అక్క. నెల్లిమర్ల జూట్ మిల్లులో కండెలు చుట్టే చోట ఇరవై తొమ్మిదేళ్ళు పనిచేసింది. వినపడదని ఎవరైనా జాలిపడితే ఊరుకోదు. "ఇనాల్సినవన్నీ ఎప్పుడో ఇనీసాను, ఇంకేటి మిగిలున్నాది" అంటుంది. అలాంటి మనిషి మొన్న వేసవిలో చప్పుడు లేని కంప్యూటర్ ఫ్యాన్లు ఎంచడానికి విజయనగరం వెళ్ళింది. నన్నూ తీసుకెళ్ళింది. నేను గడప దాటకూడని రోజులవి.

నేను అయిదో తరగతి వరకే చదివాను. ఉత్తరాలు తప్ప ఏమీ రాయలేదు. ఆవిడ గురించి మా వీధిలో వేరే రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి జరిగింది జరిగినట్టు రాద్దామని కూర్చున్నాను.

వదినని పదిహేడో ఏట రాజాం దగ్గర పల్లెలో ఇచ్చారు. రెండేళ్ళకి రేకు పెట్టె నెత్తిన పెట్టుకుని బస్సు దిగింది. మా మావగారు లోపలికి రావద్దన్నారట, వెనక్కి వెళ్ళమన్నారట. ఆవిడ అరుగు మీద పెట్టె దించి దాని మీదే కూర్చుంది. మా అత్తగారు దొంగచాటుగా పెట్టిన అన్నం తింటూ మూడు రోజులు అక్కడే ఉంది. నాలుగో రోజు మావగారు పక్కకి తప్పుకుంటే పెట్టె లోపల పెట్టి, ముఖం కడుక్కుని, నేరుగా మిల్లు గేటు దగ్గరికి వెళ్ళి పని అడిగింది. మొగుడు ఏం చేశాడో ఇప్పటికీ ఎవరికీ చెప్పదు. అడిగితే "నాకక్కడ నచ్చలేదు" అంటుంది. అంతే.

మా ఆయన అప్పలసూరి అదే మిల్లులో టైం ఆఫీసులో గుమాస్తా. పోయిన చలికాలంలో భోజనానికి ఇంటికి వచ్చి, పళ్ళెం దగ్గర కూర్చోబోతూ పడిపోయారు. అంతకన్నా ఆ సంగతి రాయలేను.

మా వాళ్ళలో భర్త పోయిన మనిషిని పుట్టింటివాళ్ళు వచ్చి తీసుకెళ్ళి, తమ ఇంట ఒక రాత్రి నిద్ర చేయించాలి. అది అయ్యేవరకు ఆమె ఇంకొకరి గడప తొక్కకూడదు. కొట్టుకి వెళ్ళకూడదు, బస్సు ఎక్కకూడదు. మా తమ్ముడు ధనరాజ్ ఆమదాలవలసలో ఉంటాడు. మూడో నెలలో వస్తానన్నాడు. అప్పుడు మూఢం వచ్చింది. మూఢం వెళ్ళాక వాళ్ళ అత్తవారింట్లో గృహప్రవేశం వచ్చింది, శుభకార్యం ముందు నిద్ర మంచిది కాదన్నారు. అలా ఏడు నెలలయ్యాయి. నేను వంటింటికీ పెరటికీ మధ్య తిరుగుతూ ఉండిపోయాను. ఎవరినీ ఏమీ అనలేదు. నాకు అనడం రాదు.

మా అమ్మాయి యమునకి అప్పుడే ఉద్యోగం వచ్చేలా ఉంది. విశాఖలో ఒక ఆసుపత్రివాళ్ళ ఫోన్ పని. ఇంట్లోనే కంప్యూటర్ ముందు కూర్చుని, చెవులకి హెడ్‌ఫోన్ పెట్టుకుని, ఫోన్ చేసినవాళ్ళకి డాక్టర్ల టైములు చెప్పాలి. మాట బాగుందన్నారు, తెలుగు బాగుందన్నారు. తీరా కంప్యూటర్ మీద పరీక్ష కాల్ చేసిన మేడమ్ మధ్యలో ఆపేసి "ఏమ్మా, పిండిమరలో కూర్చున్నావా" అని అడిగింది. ఆ మోత కంప్యూటర్‌దే. యమున డిగ్రీలో చేరినప్పుడు వాళ్ళ నాన్న పాతది కొని తెచ్చారు. దాని పెట్టెలో వేడి తగ్గించే ఫ్యాన్లుంటాయి. అవి అరిగిపోయి గోలపెడుతున్నాయి. మేడమ్ వచ్చే శుక్రవారం పదకొండు గంటలకి మళ్ళీ వింటానంది. అప్పుడూ ఇలాగే ఉంటే ఇంకో అమ్మాయిని తీసుకుంటారు.

ఈ పని రాకపోతే యమున విశాఖలో హాస్టల్లో ఉండి ఏదో ఒకటి చూసుకోవాలి. ఒక్క ఏడాదిలో ఈ ఇంట్లోంచి రెండో మనిషి కూడా వెళ్ళిపోతే నేను ఎవరికి అన్నం వండాలి? ఈ మాట యమునతో అనలేదు. వదినకి మాత్రం అర్థమైనట్టుంది.

ముందు ఆవిడే ఆ పని మీద వేసుకుంది. మిల్లులో ఏ మిషనైనా కీచుమంటే నూనె డబ్బా ముక్కు బేరింగులో పెట్టి పొంగేదాకా పోస్తారట. యమున లేని సమయం చూసి పెట్టె రేకు విప్పి, ఒక్కొక్క ఫ్యాను నడిమధ్యలో కుట్టుమిషను నూనె పోసింది. ఒక పూటంతా బాగానే ఉంది. "సూసేవా" అని అందరికీ చెప్పుకుంది. మర్నాటికి ఆ నూనెకి దుమ్ము పట్టి, ముద్దలు కట్టి, ఫ్యాను పిల్లుల పోట్లాటలా అరవడం మొదలుపెట్టింది. యమున ఏడుపు ఆపుకుని ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించింది. బొమ్మలో బాగానే ఉంది. బిగిస్తే పాతదాని కన్నా ఎక్కువ ఊళ.

"కూరగాయలే ముట్టుకోకండా కొనం. సప్పుడు లేనిది కావాలంటే ఎల్లి ఇని కొనాల" అంది వదిన మంగళవారం పొద్దున్న.

యమునకి ఆ వారమంతా పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఫోన్‌లో ఆసుపత్రివాళ్ళ శిక్షణ క్లాసులు. కదలడానికి లేదు. వదినకి వినపడదు. మా బావగారు, అంటే మా ఆయన అన్న తిరుమలరావుగారు, వీధి చివర ఇంట్లో ఉంటారు. అడిగితే "ఆ డబ్బా అమ్మీసి, యమున గుంటని విశాఖ పంపండి" అన్నారు.

వదిన నా వైపు తిరిగింది. "ఒసే మరిడీ, సీర మార్సుకో. నీకు సెవులున్నాయి, నాకు నోరున్నాది."

"ఇంకా నిద్ర అవలేదు కదా వదినా."

"మీ తమ్ముడు మూఢం అంటాడు, ముహూర్తం అంటాడు. ఆ మేడమ్మేమో శుక్రవారం అంటంది. ఎవుల కోసం ఎవులు ఆగుతారే?"

నేను కదల్లేదు. ఆవిడ కంప్యూటర్ పెట్టెని పాత దుప్పట్లో మూటకట్టి, చంకనెత్తుకుని గుమ్మం దిగిపోయింది. ఆ వయసులో ఆ బరువు మోసుకుపోతుంటే చూస్తూ ఎలా ఊరుకోను? చెప్పులు వేసుకుని వెనకాలే వెళ్ళాను. ఏడు నెలల తరవాత ఎండ నేరుగా నెత్తి మీద పడింది. ఎదురింటి లక్ష్మణమ్మ చీపురు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఏటే అలా సూస్తన్నావు, తుడుసుకో" అంది వదిన ఆగకుండా.

బస్సులో ఆ మూట మా ఇద్దరి ఒళ్ళోనూ పెట్టుకున్నాం. విజయనగరంలో మూడు లాంతర్ల కూడలి దగ్గర దిగి, వెనక సందులో ఒక కంప్యూటర్ కొట్టు కనుక్కున్నాం. కొట్టతను యుగంధర్. ముప్పై అయిదేళ్ళుంటాయి, కళ్ళజోడు. మమ్మల్ని చూసి "ఫోన్ రీఛార్జి పక్క కొట్లోనమ్మా" అన్నాడు.

వదిన మూట బల్ల మీద దించింది. "ఇది మోగతంది. మోగకండా సెయ్యాల."

అతను రేకు విప్పి లోపలికి చూసి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇవి ఫ్యాన్లా, పకోడీ మూకుళ్ళా అమ్మా?"

"నూనె నానే పోసాను. ఆ సంగతి ఒగ్గీ. కొత్తవి సూపించు."

అతను ముందు రంగుల దీపాలు వెలిగే ఫ్యాను తీశాడు. "గేమ్‌లు ఆడేవాళ్ళంతా ఇదే పట్టుకెళ్తారు. గాలి బ్రహ్మాండంగా కొడుతుంది."

"పెళ్ళి పందిట్లోకి కాదు నాయినా. మా గుంట డాక్టర్ల టైములు సెప్పుకోవాల. సప్పుడు లేనిది ఇయ్యి."

"ఇదిగో, అట్ట మీద రాసుంది చూడండి. ఇరవై రెండు డెసిబెల్స్. అంటే గుసగుసలాడినంత కూడా ఉండదు."

"ఆ అట్ట రాసినోడు మా ఇంటికొచ్చి కూకుంటాడేటి? తిప్పి సూపించు."

అతను గోడ ప్లగ్గుకి చిన్న అడాప్టర్ తగిలించి ఫ్యాను తిప్పాడు. వదిన నా ముఖంలోకి చూసింది. నాకేం తెలియలేదు. బయట ఆటోల హారన్లు, నెత్తి మీద సీలింగ్ ఫ్యాను, పక్క కొట్లో పాటలు. ఇందులో ఏ చప్పుడు దేనిదని చెప్పను? తల అడ్డంగా ఊపాను.

"పైన ఫ్యాను కట్టీ" అంది వదిన.

"ఉక్కపోస్తుందమ్మా."

"మాకూ పోస్తాది."

అతను కట్టేశాడు. నేను మళ్ళీ తల ఊపాను. వదిన షట్టర్ వైపు చూపించింది. "అది కూడా దించీ."

"షట్టర్ దించితే బేరం పోతుంది."

"ఈ ఎండలో ఎవులొస్తన్నారు నీ కొట్టుకి? మేవే వచ్చాం."

అతను నవ్వాడు. నవ్వినందుకు తనే లేచి షట్టర్ మోకాళ్ళ ఎత్తు దాకా దించాడు. లోపల చీకటిగా, వేడిగా, నూతిలో ఉన్నట్టు అయింది. ఇప్పుడు వినపడింది. రంగుల ఫ్యాను గాలి కన్నా ముందు ఒక ఊళ వేస్తోంది. రెండోది చిన్నది. సన్నగా, చెవి పక్కన దోమ తిరిగినట్టు ఉంది. అది గంటసేపు వింటే మనిషికి పిచ్చెక్కుతుంది. రెండూ వద్దన్నాను. మూడోది నల్లగా, అన్నం పళ్ళెమంత పెద్దగా ఉంది. దీపాలు లేవు. రెక్కలు తిరుగుతుంటే లెక్కపెట్టొచ్చేమో అన్నంత నిదానం. ఊపిరి వదిలినట్టు గాలి చప్పుడు ఒక్కటే.

"సూడు మరి. సిన్న సక్రం అంత గాలి ఇయ్యాలంటే పరిగెట్టాల. పెద్దది నడిస్తే సాలు. మా మిల్లులో పుల్లీలూ అంతే" అంది వదిన.

కానీ ఆ గాలి చప్పుడులో ఇంకేదో ఉంది. టిక్, టిక్, మళ్ళీ టిక్. గోడగడియారం పక్క గదిలో ఉన్నట్టు. చెప్పాను. యుగంధర్ చెవి దగ్గర పెట్టుకుని "నాకేం వినపడట్లేదండీ, అది మీ భ్రమ" అన్నాడు.

భ్రమ అన్న మాట ఏడు నెలల్లో చాలాసార్లు విన్నాను. గేటు చప్పుడైందంటే భ్రమ, ఆయన దగ్గినట్టుందంటే భ్రమ. తల దించుకున్నాను.

వదిన ఆ ఫ్యాను తీసుకుని అంచు మీద చూపుడు వేలి గోరు ఆనించింది. కళ్ళు మూసుకుంది. కొంచెంసేపటికి "ఉన్నాది" అంది. "బేరింగు ఒక్కో సుట్టుకీ తగలతంది. సెవిటిదాని గోటికే తెలిసింది నాయినా. నా మరదలిది బెమ కాదు. ఇంకోటి తీయి."

అతను అదే రకం ఇంకోటి తీసి బల్ల మీద పడుకోబెట్టి తిప్పాడు. "అలా పడుకోబెడితే ఏటి తెలుస్తాది? పెట్టెలో నిలబడే కదా తిరుగుతాది. నిలబెట్టు" అంది వదిన. నిలబెట్టాడు. నేను విన్నాను. గాలి తప్ప ఏమీ లేదు. ఎంతసేపు విన్నా లేదు.

"మీరెక్కడ పనిచేశారమ్మా?" అన్నాడతను, గొంతు మార్చి.

అక్కణ్ణుంచి పని సాఫీగా సాగింది. మా పెట్టె వెనక చిన్న ఫ్యాను పట్టే కన్నమే ఉంది. అక్కడ చిన్నదే పెట్టి, వేగం తగ్గించే వైరు ముక్క ఒకటి కలిపాడు. ముందు వైపు జల్లెడ వెనక పెద్దది పట్టింది. లోపల నడిమధ్యన వేడెక్కే ముక్క మీద ఇంకొకటి కావాలి. దానికి నాలుగు వైర్లున్న రకం ఇచ్చాడు, వేడి లేనప్పుడు అదే నెమ్మదిస్తుందట. మరలు బిగించబోతుంటే వదిన ఆపింది.

"రేకుకి నేరుగా బిగిస్తే రేకే మోగతాది. మేం మోటారు కింద గోనె మడిసి ఏసేవోళ్ళం."

"గోనె వద్దమ్మా, పీచు ఊడి ఫ్యాన్లో పడుతుంది. రబ్బరు మేకులున్నాయి, ఉండండి." అతను వెతికి తెచ్చాడు. ఒక్క ఆ మాట మాత్రం వదిన ఎదురు చెప్పకుండా ఒప్పుకుంది.

అంతా బిగించి, పెట్టె మూసి, నడిపి చూడాలన్నాడు. వేడెక్కాక చప్పుడు పెరుగుతుందేమో తెలియాలంటే కొంతసేపు ఆగాలి. నేను అట్టపెట్టెల దొంతరకి ఆనుకుని స్టూలు మీద కూర్చున్నాను. షట్టర్ కింద నుంచి ఒక గీత వెలుగు వస్తోంది. పెట్టె మీద చిన్న పచ్చదీపం వెలుగుతోంది కాబట్టి నడుస్తోందని తెలుస్తోంది. అంతవరకే గుర్తుంది.

లేచేసరికి నా తల కింద మా దుప్పటి మడిచి ఉంది. వదిన బల్లకి అవతల టీ తాగుతోంది. షట్టర్ ఇంకా అలాగే ఉంది. యుగంధర్ చొక్కా తడిసిపోయి ఉంది, చేతిలో అట్టముక్కతో విసురుకుంటున్నాడు.

"గంట పావు" అన్నాడు, నెమ్మదిగా. "అమ్మగారు కదలనివ్వలేదు. రెండు బేరాలొస్తే కూడా వెనక్కి పంపేశారు."

వదిన గ్లాసులో సగం టీ నాకు పోసింది.

ఇంటికొచ్చేసరికి బావగారు అరుగు మీద కూర్చుని ఉన్నారు. లక్ష్మణమ్మ చెప్పి ఉంటుంది. ఆయనకి ఎదురుపడి మాట్లాడే అలవాటు నాకు ఇరవై నాలుగేళ్ళుగా లేదు. తలుపు వారకి తప్పుకున్నాను.

"అక్కా, దాన్ని ఎక్కడికి తీసుకెల్లేవు?"

"నిద్ర సేయించడానికి."

"ఎక్కడ?"

"మూడు లాంతర్ల దగ్గర, కంప్యూటర్ కొట్లో. గంట పావు పడుకుంది. కొట్టోడు సూసాడు, కావాలంటే ఫోన్ సేసి అడుగు."

"నిద్రంటే పుట్టింట్లో సేయాల. రాత్రి సేయాల. ఎగతాళిగా ఉన్నాదేటి నీకు?"

"పుట్టింటోళ్ళు ఏడు నెల్లుగా రాలేదు. ఇది రాత్రుళ్ళు కన్ను మూయలేదు. పరాయి కప్పు కింద పడుకోవాలన్నారు, పడుకుంది. ఏటి తక్కువైంది?"

"ఊరేటనుకుంటాది?"

"నాను పెట్టె అట్టుకుని బస్సు దిగినప్పుడు కూడా అనుకుంది. ఇప్పుడు అదే ఊరు నా దగ్గిరికొచ్చి మొగుళ్ళ మీద సెప్పుకుంటంది."

ఆయన లేచి కండువా దులుపుకున్నారు. "ధనరాజ్‌ని పిలిపిస్తాను. శుక్రవారం వొచ్చి తేలుస్తాను" అని వెళ్ళిపోయారు.

బుధ, గురువారాలు యమున ఆ పెట్టె దగ్గరే ఉంది. తన గొంతు రికార్డు చేసుకుని మళ్ళీ మళ్ళీ వింది. గోడకి తగలకుండా జరిపింది. ఫోన్‌లో క్లాసు లేనప్పుడు నన్ను పిలిచి "అమ్మా, విను" అనేది. నేను వినేదాన్ని. మంచిదే కొన్నాం. కానీ మేడమ్ చెవి ఎలాంటిదో మాకు తెలియదు కదా.

శుక్రవారం పదకొండు గంటలకి కాల్ వచ్చింది. కుక్కర్ దించేశాను. కుళాయి కట్టేశాను. సీలింగ్ ఫ్యాను ఆపేశాం. మాకూ తెలిసేలా యమున పెట్టడంతో మేడమ్ గొంతు స్పీకర్‌లో వినపడింది. "ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి. మీ గది చప్పుడు రికార్డు చేస్తాను."

సరిగ్గా అప్పుడే బావగారు గుమ్మంలోకి వచ్చారు. ఒక్కరే వచ్చారు, మా తమ్ముడు రాలేదు. నోరు తెరవబోతుంటే వదిన చెయ్యెత్తింది.

బావగారూ మిల్లు మనిషే. మగ్గాల దగ్గర ఇరవై ఏళ్ళు చేశారు. అక్కడ మిషన్లు తిరుగుతుంటే గొంతు పనికిరాదు. పెదాలు పెద్దగా కదుపుతూ, చేతులతో మాట్లాడుకుంటారు. వదినతో ఇంట్లో అలాగే మాట్లాడి మాట్లాడి నాకూ వచ్చేసింది. ఆ నిమిషంలో మా ఇంట్లో పెద్ద తగువు జరిగింది. మేడమ్‌కి ఏమీ తెలియదు.

"నా మాటంటే లెక్క లేదా?" అన్నాయి బావగారి పెదాలు.

"ఇయ్యాల లేదు" అంది వదిన.

"ధనరాజ్ వొచ్చే నెల వొస్తానన్నాడు. అందాకా మరిడమ్మ గడప దాటకూడదు. గట్టిగా సెప్పు."

"నువ్వే సెప్పు. ఎదురుగానే ఉన్నాది."

ఆయన నా వైపు తిరిగి చెప్పారు. ప్రతి మాటా విడదీసి, మగ్గం మీద మనిషికి చెప్పినట్టు. యమున వీపు మాకు పెట్టి బిగుసుకుని కూర్చుంది, తెరమీద అంకెలు తిరుగుతున్నాయి. నలభై, నలభై ఒకటి. నా పెదాలు కదిలాయి. ఏమన్నానో నాకు తెలుసు. చప్పుడు మాత్రం రానివ్వలేదు.

అరవై.

"యమునా, కంప్యూటర్ ఆన్‌లోనే ఉందా?" అంది మేడమ్.

"ఉంది మేడమ్."

"ఏమీ వినపడట్లేదు. ఓకే. సోమవారం తొమ్మిదికి లాగిన్ అవ్వండి."

యమున హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టి, దాని మీద చెయ్యి వేసి అలాగే ఉండిపోయింది. వెళ్ళి దాని తల పట్టుకున్నాను. జుట్టంతా చెమట.

బావగారు గుమ్మం దగ్గరే ఉన్నారు. మిల్లు మానేసి చాలా ఏళ్ళయింది, ఆయనకి పెదాల మాట కొంచెం మరుపు పడినట్టుంది.

"ఇందాక నువ్వేటన్నావు మరిడమ్మా? తెలీలేదు."

గదిలో ఏ చప్పుడూ లేదు. గొణిగి తప్పించుకునే వీలు లేదు.

"ఎల్తానన్నాను బావగారూ" అన్నాను. "రేపు బజారుకి ఎల్తాను. దీనికి కూకోడానికి మంచి కుర్సీ కావాల. తరవాత ఆమదాలవలస ఎల్తాను, మా తమ్ముడు పిలిసినా పిలవకపోయినా."

బావగారి వైపు చూస్తున్న వదినకి ఇది వినపడలేదు. "ఏటంది, ఏటంది?" అని తమ్ముణ్ణి భుజం పట్టి కుదిపింది.

"ఎల్తాదట" అన్నారు బావగారు గట్టిగా, ఆవిడ చెవి దగ్గర.

"ఎక్కడికీ?"

"బజారుకట. ఆమదాలవలసకట." ఆయన చెప్పులు వేసుకుంటున్నారు. "నన్నడక్కు, దాన్నడుగు."